నాన్న రిటైర్మెంట్ డబ్బు: నెలనెలా ఆదాయం, పెరుగుదల, భద్రత మూడూ కావాలంటే ఏ ఈటీఎఫ్‌లు కొనాలి?

కొత్తగూడెం_అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్న సింగరేణి ఉద్యోగి, వచ్చే నెల 61 నిండి రిటైర్ అవుతున్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవుల డబ్బు అన్నీ కలిపి 62 లక్షలు చేతికొస్తాయి. పెన్షన్ 14 వేల దాకా ఉంటుందని ఆఫీసులో చెప్పారు. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. అమ్మకి 57. ఇద్దరికీ నెలకు 38 వేలు ఉంటే ఏ లోటూ లేకుండా గడుస్తుంది, అంటే పెన్షన్ పోను ఇంకో 24 వేలు ఈ డబ్బు మీద రావాలి.

నాన్న మొత్తం బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తానంటారు. మా బావ మొత్తం సీపీఎస్‌ఈ ఈటీఎఫ్‌లో పెట్టమంటున్నాడు, అన్నీ ప్రభుత్వ కంపెనీలు, డివిడెండ్లు బాగా ఇస్తాయి, ఎక్కడికీ పోవు అని. నేను ఒక నెల నుంచి ఈటీఎఫ్‌ల (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్ముకునే ఫండ్ల) గురించి చదువుతున్నా. నాకు కావాల్సినవి మూడు: నెలనెలా డబ్బు రావాలి, పదిహేనేళ్ళ తర్వాత ధరలు పెరిగినా సరిపోవాలి, మార్కెట్ పడినప్పుడు నాన్న టెన్షన్ పడకూడదు. ఈ మూడూ ఇచ్చే ఈటీఎఫ్ ఒకటో రెండో చెప్తారా? ఎక్కువైతే ఆయన చూసుకోలేరు.

గోదావరి_గట్టు

అమ్మా, మీ మూడు అవసరాలూ సరైనవే. కానీ మూడూ చేసే ఈటీఎఫ్ ఒకటి మన దేశంలో లేదు, వెతకడం ఆపేయండి. ముందు తెలుసుకోవాల్సింది, మన దగ్గర ఈక్విటీ ఈటీఎఫ్‌లు చాలావరకు డబ్బు చేతికివ్వవు. లోపలున్న కంపెనీలు డివిడెండ్ ఇస్తే అది ఫండులోనే ఉండిపోయి ఎన్‌ఏవీలో, అంటే యూనిట్ విలువలో కలుస్తుంది. దేశంలోని 50 పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50 మొత్తం మీద డివిడెండే ఏడాదికి ఒకటింపావు, ఒకటిన్నర శాతం మించదు, కాబట్టి చేతికిచ్చినా 62 లక్షల మీద నెలకు ఎనిమిది వేలు కూడా రావు. పేరులో 'డివిడెండ్' అని ఉన్న ఈటీఎఫ్ కొంటే ఖాతాలో డివిడెండ్ పడుతుందని చాలామంది అనుకుంటారు. ఆ పేరు కంపెనీలను ఎలా ఏరారో చెబుతుంది, మీకు పంచుతారని కాదు. పంచుతారా లేదా అన్నది స్కీము పత్రంలో చూసుకోవాలి.

ఇక మీ బావగారి సలహా. సీపీఎస్‌ఈ ఈటీఎఫ్ 2014 మార్చిలో వచ్చింది. ఎన్‌టీపీసీ, పవర్ గ్రిడ్, ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా, బీఈఎల్ లాంటి కొద్ది కంపెనీల్లోనే బరువంతా ఉంటుంది. 2020 మార్చిలో, అంటే ఆరేళ్ళ తర్వాత, దాని ధర మొదట అమ్మిన ధర కంటే కింద ఉంది. ఆ తర్వాత 2023, 24లో బాగా పరిగెత్తింది, బావగారు చూసింది ఆ పరుగే అయ్యుంటుంది. మీ నాన్నగారు జీవితమంతా బొగ్గు మీద బతికారు, పెన్షన్ కూడా బొగ్గు నుంచే వస్తుంది. మిగిలిన డబ్బు కూడా బొగ్గు, కరెంటు, చమురు కంపెనీల్లోనే పెడితే ఒక్క రంగం మీదే ఇల్లంతా నిలబడుతుంది. వద్దని గట్టిగా చెబుతున్నా.

విశ్రాంత_బ్యాంకర్

గుంటూరు నుంచి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. ఈటీఎఫ్ మాట తర్వాత, ముందు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము. 60 నిండినవాళ్ళకు 30 లక్షల దాకా వేసుకోవచ్చు, ఇప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ, కేంద్ర ప్రభుత్వ హామీ. 30 లక్షలకు ఏడాదికి 2,46,000, మూడు నెలలకు 61,500, నెల లెక్కన 20,500. ఐదేళ్ళ పాటు అదే రేటు, తర్వాత మూడేళ్ళు పొడిగించుకోవచ్చు, కానీ అప్పటి రేటుకే. పోస్టాఫీసులోనైనా బ్యాంకులోనైనా తెరవచ్చు, అమ్మగారిని జాయింటుగా చేర్చుకోవచ్చు.

20,500కి పెన్షన్ 14,000 కలిపితే 34,500. ఇంకా కావాల్సింది మూడున్నర వేలు. మీ ఆదాయం సమస్య ఏ ఈటీఎఫ్ లేకుండానే ముప్పాతిక మించి తీరిపోయింది.

కొత్తగూడెం_అమ్మాయి

సార్, చాలా థాంక్స్. ఇది నాన్నకి వెంటనే నచ్చుతుంది. మరి అలాంటప్పుడు మిగతా 32 లక్షలు కూడా ఎఫ్‌డీలోనే వేస్తే తప్పేంటి అని అడుగుతారు, ఏం చెప్పాలి?

లెక్కల_మాస్టారు

కరీంనగర్ నుంచి. నాన్నగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

మొత్తం 62 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేశారనుకుందాం. ఏడాదికి 4,34,000, నెలకు 36 వేల చిల్లర, పెన్షన్‌తో కలిపి 50 వేలు. మొదటి ఏడాది 38 వేలే ఖర్చు కాబట్టి 12 వేలు మిగిలి భలే ఉందనిపిస్తుంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే ఐదేళ్ళకి ఇదే ఖర్చు దాదాపు 51 వేలవుతుంది, అక్కడికి మిగులు అయిపోతుంది. పదేళ్ళకి 68 వేలు, పదిహేనేళ్ళకి 91 వేలు. వడ్డీ మాత్రం అదే 36 వేలు, అదీ రేట్లు తగ్గకపోతే. మొదటి ఏళ్ళలో మిగిలింది దాచుకున్నా నాలుగైదేళ్ళు ముందుకు జరుగుతుందంతే, ఆ తర్వాత అసలు తినడం మొదలవుతుంది. అప్పటికి నాన్నగారికి 70, అమ్మగారికి 66. అమ్మగారు ఇంకో ఇరవై ఏళ్ళు బతకాలి కదా, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు స్కీములో 30 లక్షలు పెట్టాక లోటు చూద్దాం. మొదటి ఏడాది 42 వేలే. కానీ ఖర్చు పెరిగే కొద్దీ లోటు చాలా వేగంగా పెరుగుతుంది, ఎందుకంటే 34,500 కదలదు. మొదటి ఐదేళ్ళ లోటు మొత్తం కలిపి 5 లక్షల దగ్గర. తర్వాతి ఐదేళ్ళ లోటు 13, 14 లక్షలు. పదేళ్ళు దాటాక ఇంకా పెద్దది. అంటే మీకు దగ్గర్లో చిన్న లోటు, దూరంలో పెద్ద లోటు ఉన్నాయి. దగ్గరి లోటుకి కదలని డబ్బు కావాలి, దూరపు లోటుకి పెరిగే డబ్బు కావాలి. ఈటీఎఫ్ ఏది కొనాలన్నది ఈ రెండింటిని బట్టి తేల్చుకోండి.

పైసా_పైసా

హైదరాబాద్. మాస్టారు లెక్క కరెక్టే కానీ మీరంతా మరీ భయస్తుల్లా మాట్లాడుతున్నారు. 2025లో వెండి ఎంత పెరిగిందో చూశారా? సిల్వర్ ఈటీఎఫ్, అమెరికా కంపెనీల నాస్‌డాక్ 100 ఈటీఎఫ్ చెరో పది లక్షలు పెడితే చాలు, లోటు గీటు అన్నీ పూడిపోతాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు, లాకిన్ లేదు.

గోదావరి_గట్టు

పైసా గారు, మీ వయసులో మీ డబ్బుతో చేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ 61 ఏళ్ళ మనిషి జీవితకాలపు కష్టం గురించి మాట్లాడుతున్నాం.

మీరు చెప్పిన రెండింటిలోనూ కొత్తవాళ్ళకి కనపడని ఒక నష్టం ఉంది, అది అందరూ తెలుసుకోవాలి కాబట్టి వివరంగా రాస్తున్నా. ఈటీఎఫ్‌కి రెండు ధరలుంటాయి. లోపలున్న ఆస్తి విలువ ఒకటి, దాన్ని ఐఎన్‌ఏవీ అంటారు, మార్కెట్ నడుస్తున్నంతసేపూ ఫండు కంపెనీ సైటులో మారుతూ కనిపిస్తుంది. ఎక్స్ఛేంజీలో జనం కొంటున్న ధర రెండోది. మామూలుగా ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే ధర పెరిగిపోతే మార్కెట్ మేకర్లు (ఈటీఎఫ్‌ని ఎప్పుడూ కొంటూ అమ్ముతూ ఉండే సంస్థలు) కొత్త యూనిట్లు తయారు చేయించి అమ్మేస్తారు. కొత్త యూనిట్లు తయారుకాని పరిస్థితి వస్తే ఈ సర్దుబాటు ఆగిపోతుంది. మ్యూచువల్ ఫండ్ల పరిశ్రమ మొత్తానికి విదేశీ పెట్టుబడుల మీద 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది, అది నిండినప్పటి నుంచి నాస్‌డాక్ లాంటి ఈటీఎఫ్‌లు అసలు విలువ కంటే బాగా ఎక్కువ ధరకు అమ్ముడుపోయిన రోజులు చాలా ఉన్నాయి. 2025 అక్టోబరులో వెండికీ అదే జరిగింది. దేశంలో వెండి దొరక్క సిల్వర్ ఈటీఎఫ్‌ల ధర లోపలి విలువ దాటిపోయింది, కొన్ని ఫండు కంపెనీలు తమ సిల్వర్ ఫండ్ ఆఫ్ ఫండ్లలోకి (సిల్వర్ ఈటీఎఫ్‌లో డబ్బు పెట్టే ఫండ్లు) ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం ఆపేశాయి కూడా. అప్పుడు నూటికి పది ఎక్కువిచ్చి కొన్నవాళ్ళకి, వెండి ధర కదలకపోయినా, ఆ ప్రీమియం కరిగిపోతే పది రూపాయలు పోయినట్టే.

పైసా_పైసా

ప్రీమియం విషయం ఒప్పుకుంటున్నా అన్నా, ఐఎన్‌ఏవీ చూసుకుని కొనాలని నేను కూడా అందరికీ చెప్తా. కానీ నిఫ్టీ ఒక్కటే అంటే బోరు కాదు గానీ, రిటర్న్ తక్కువ కదా? మిడ్‌క్యాప్, మొమెంటమ్, నెక్స్ట్ 50 లాంటి వేరే సూచీల ఈటీఎఫ్‌లు ఇవన్నీ ఎందుకున్నాయి మరి?

లెక్కల_మాస్టారు

ఉన్నాయి, సంపాదించే వయసులో ఉన్నవాళ్ళకి పనికొస్తాయి. రిటైరైనవాళ్ళకి సగటు రాబడి ఎంత అనేదానికన్నా, పడినప్పుడు ఎంత పడుతుంది, ఆ సమయంలో అమ్మాల్సిన అవసరం ఉందా అనేది ముఖ్యం. నిఫ్టీనే తీసుకోండి. 2008 జనవరిలో 6,300 దగ్గరుంది, అక్టోబరుకి 2,500 దగ్గరికొచ్చింది, అరవై శాతం పోయింది. 2010 నవంబరులో పాత ఎత్తుని ఒకసారి అందుకుని మళ్ళీ జారింది, 2013 చివర్లో గానీ నిలబడలేదు. ఈ మధ్యలో నెలనెలా యూనిట్లు అమ్ముకుని తిన్నవాళ్ళకి, సూచీ తిరిగి 6,300కి వచ్చినా డబ్బు తిరిగి రాలేదు, ఎందుకంటే కిందున్నప్పుడు ఎక్కువ యూనిట్లు అమ్మేశారు. 2020లో కూడా జనవరిలో 12,300 పైనుంచి మార్చికి 7,600కి పడింది. అది కొద్ది నెలల్లోనే కోలుకుంది కాబట్టి చాలామందికి పతనం అంటే అదే అన్న అభిప్రాయం పడిపోయింది. మిడ్‌క్యాప్‌లో ఈ ఊపు ఇంకా ఎక్కువ.

లో వోలటిలిటీ 30 లాంటి సూచీల మీద కూడా ఈటీఎఫ్‌లున్నాయి, తక్కువ ఊగే షేర్లను ఏరి పెడతారు. కొంచెం తక్కువ పడతాయి, అంతే. షేర్లు షేర్లే. దాన్ని రక్షణ అని లెక్కేసుకోవద్దు.

కొత్తగూడెం_అమ్మాయి

అరవై శాతం అని నాన్నకి చెప్తే అసలు వినరు. అయినా చెప్తాను, దాచడం ఇష్టం లేదు. మరి ఎంత పెట్టొచ్చు?

గోదావరి_గట్టు

నా లెక్క చెబుతా, తప్పుంటే మాస్టారు సరిదిద్దుతారు.

స్కీములో 30. ఆస్పత్రి ఖర్చులకీ, ఇంటి రిపేర్లకీ బ్యాంకులో 4. మిగిలింది 28. ఇందులో బాండ్ల ఈటీఎఫ్‌లో 10, నిఫ్టీ 50 ఈటీఎఫ్‌లో 13, గోల్డ్ ఈటీఎఫ్‌లో 5. నిఫ్టీలో ఒకేసారి కాదు, నెలకో లక్ష చొప్పున 13 నెలలు.

13 లక్షలూ పెట్టిన మర్నాడే 2008 లాంటిది వచ్చిందనుకోండి. 13 లక్షలు 5 లక్షల 20 వేలవుతాయి. 7 లక్షల 80 వేలు కాగితం మీద పోయినట్టు కనిపిస్తుంది, మొత్తం 62లో అది పన్నెండున్నర శాతం. అదే సమయంలో పెన్షన్, స్కీము వడ్డీ రెండూ ఒక్క రూపాయి తగ్గకుండా వస్తూనే ఉంటాయి, లోటు బాండ్ల నుంచి వస్తుంది. నిఫ్టీ యూనిట్లు ఎనిమిదేళ్ళ దాకా ముట్టుకోనక్కర్లేదు. నాన్నగారికి అరవై శాతం అనే మాటతో పాటు ఈ మాట కూడా చెప్పండి.

బాండ్లకి భారత్ బాండ్ ఈటీఎఫ్ చూడండి. 2019 డిసెంబరులో మొదటిది వచ్చింది, ట్రిపుల్ ఏ (అన్నిటికంటే పై) రేటింగున్న ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లే ఉంటాయి, ఖర్చు దాదాపు సున్నా. గడువు ఉంటుంది. 2023 ఏప్రిల్‌వి, 2025 ఏప్రిల్‌వి గడువు తీరి డబ్బు ఇచ్చేశాయి. ఇప్పుడు 2030, 31, 32, 33 ఉన్నాయి. గడువు దాకా ఉంచుకుంటే కొన్న రోజు ఉన్న యీల్డుకి (ఏడాది రాబడి శాతానికి) దగ్గరగా వస్తుంది. మధ్యలో ధర ఊగుతుంది, 2022 మేలో 4 శాతం ఉన్న ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 2023 ఫిబ్రవరికి 6.5 అయినప్పుడు ఇలాంటి బాండ్ ఫండ్లన్నీ నీరసించాయి. అప్పుడు కంగారుపడి అమ్మకపోతే ఏమీ కాదు.

విశ్రాంత_బ్యాంకర్

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. బాండ్ ఈటీఎఫ్ వడ్డీ పంచదు, ఎన్‌ఏవీలోనే పెరుగుతుంది. మొదటి ఏళ్ళలో లోటుకి డబ్బు కావాలంటే గడువుకు ముందే యూనిట్లు అమ్మాలి, అక్కడ రోజువారీ లావాదేవీలు పల్చగా ఉంటాయి, సరైన ధర దొరుకుతుందని నమ్మకం లేదు. మాస్టారు చెప్పిన మొదటి ఐదేళ్ళ 5 లక్షలు మామూలు ఎఫ్‌డీల్లో వేయండి. లక్ష చొప్పున ఐదు, ఏడాదికొకటి గడువు తీరేలా. మిగతా 5 మాత్రం 2033 భారత్ బాండ్‌లో. అన్నీ ఈటీఎఫ్‌లే ఉండాలన్న పట్టుదల ఎందుకు?

గోదావరి_గట్టు

మీరు చెప్పిందే మేలు సార్. నాన్నగారికి ఎఫ్‌డీ మీదున్న నమ్మకం కూడా నిలుస్తుంది. మార్చుకుంటున్నా.

టెక్సాస్_తెలుగోడు

ఫ్రిస్కో నుంచి. ఇక్కడ నెలనెలా డబ్బులిచ్చే ఈటీఎఫ్‌లు బోలెడు, ఇండియాలో పేరెంట్స్‌కి పంపే మావాళ్ళు చాలామంది వాటిలోనే పెడుతున్నారు. జెపీ అని ఒకటుంది, 2020లో వచ్చింది, కవర్డ్ కాల్ పద్ధతి, నెలకోసారి పంచుతుంది, ఏడాదికి ఏడెనిమిది శాతం దాకా. ఎస్‌సీహెచ్‌డీ మూడు నెలలకోసారి డివిడెండ్, ఖర్చు 0.06 శాతమే. అంకుల్ గారు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద డాలర్లు పంపి కొనుక్కోవచ్చు కదా?

లెక్కల_మాస్టారు

చట్టప్రకారం కొనుక్కోవచ్చు. కానీ ఇక్కడుండే మనిషికి అమెరికా ఈటీఎఫ్ డివిడెండ్ మీద 25 శాతం అక్కడే పట్టుకుంటారు. ఇక్కడ పన్ను లేని మనిషికి ఆ పట్టుకున్నదాన్ని దేంట్లో సర్దుకోవాలి? ఏడాదికి పది లక్షలు దాటి పంపితే 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) కట్టి రిటర్నులో తిరిగి తెచ్చుకోవాలి, రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. అమెరికా పౌరులూ, అక్కడి నివాసులూ కానివాళ్ళకి అక్కడి ఆస్తి 60 వేల డాలర్లు దాటితే ఎస్టేట్ టాక్సు వర్తిస్తుంది, పోయాక అమ్మగారి నెత్తిన పడుతుంది. కొత్తగూడెంలో ఉండే రిటైర్డ్ మనిషికి ఇవన్నీ ఎందుకు?

టెక్సాస్_తెలుగోడు

ఎస్టేట్ టాక్సు సంగతి నేను ఆలోచించలేదు, మంచి పాయింటు. అయితే కవర్డ్ కాల్ గురించి ఇక్కడున్న మనవాళ్ళ కోసం ఒక మాట రాస్తా, ఎందుకంటే 'పన్నెండు శాతం డివిడెండ్' అని చూసి చాలామంది ఎగబడుతున్నారు. ఫండు తన దగ్గరున్న షేర్ల మీద, ఫలానా ధర దాటితే ఆ పై లాభం నీదే అని వేరేవాళ్ళకి హక్కు అమ్మి, వచ్చిన ప్రీమియం మీకు పంచుతుంది. మార్కెట్ పెరిగితే పెరుగుదల అవతలివాళ్ళకి పోతుంది. పడితే మాత్రం నష్టం దాదాపు అంతా మీదే, ప్రీమియం మేరకే ఊరట. నాస్‌డాక్ 100 షేర్ల మీద ఇలా చేసే క్యూవైఎల్‌డీ ఈటీఎఫ్ దీనికి ఉదాహరణ. 2013 డిసెంబరులో 25 డాలర్ల దగ్గర మొదలైంది, ఇప్పుడు 20 లోపే ఉంది. ఇన్నేళ్ళలో నాస్‌డాక్ 100 సూచీ ఐదు రెట్లు దాటింది. పంచిన డబ్బు లెక్కేసుకున్నా సూచీకి చాలా దూరం. ఆదాయం వచ్చింది నిజమే, అసలు కరిగింది.

రక్షణకి బాండ్ ఈటీఎఫ్ ఉంటే చాలనుకునేవాళ్ళు 2022 గుర్తు పెట్టుకోండి. అమెరికా బాండ్ల ఈటీఎఫ్ బీఎన్‌డీ 13 శాతం, ఇరవై ఏళ్ళు మించిన ట్రెజరీలున్న (అమెరికా ప్రభుత్వ బాండ్లున్న) టీఎల్‌టీ 31 శాతం పడ్డాయి, షేర్లూ అదే ఏడాది పడ్డాయి. మూడు నెలల లోపు ట్రెజరీలున్న ఎస్‌జీఓవీ లాంటివి కదల్లేదు. బాండ్ల గడువు ఎంత పొడవైతే ఊగడం అంత ఎక్కువ.

ఇంకోటి, అమెరికాలో పన్ను కట్టే మనవాళ్ళు ఇండియా ఈటీఎఫ్‌లు, మ్యూచువల్ ఫండ్లు కొనే ముందు పీఎఫ్ఐసీ రూల్సు (విదేశీ ఫండ్ల మీద అమెరికా పన్ను రూల్సు) చదవండి. ఫారం 8621 ప్రతి ఫండుకీ విడిగా నింపాలి, పన్ను లెక్క చాలా కఠినంగా ఉంటుంది. నాన్న పేరు మీద, నాన్న డబ్బుతో, నాన్నే కొనుక్కుంటే ఆ గొడవ లేదు.

కొత్తగూడెం_అమ్మాయి

నేను హైదరాబాద్‌లోనే ఉంటాను అన్నా, నాకు ఆ సమస్య రాదు. కానీ పన్ను గురించి అడగాలనుకున్నా. నా పేరు మీద పెట్టి నేను నెలనెలా పంపితే మంచిదా, నాన్న పేరు మీదే ఉంచాలా?

లెక్కల_మాస్టారు

నాన్నగారి పేరు మీదే. డబ్బు ఆయనది, మర్యాద కూడా అదే. పన్ను పరంగా కూడా అదే లాభం. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న బాండ్ ఈటీఎఫ్ లాభం ఎన్నాళ్ళుంచినా శ్లాబు ప్రకారమే, మీలాంటి ఉద్యోగస్తులకి అది 30 శాతం కూడా కావచ్చు. నాన్నగారి పెన్షన్, స్కీము వడ్డీ కలిపితే నాలుగు లక్షల పైచిల్లరే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) వస్తుంది కాబట్టి బాండ్ లాభం మీద కూడా ఆయన కట్టేది ఏమీ ఉండదు. షేర్ల ఈటీఎఫ్ ఏడాది దాటి అమ్మితే ఏటా 1,25,000 లాభం దాకా పన్ను లేదు, ఆ పైన పన్నెండున్నర శాతం, ఈ లాభానికి మాత్రం రిబేటు వర్తించదు. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. గోల్డ్ ఈటీఎఫ్ కూడా ఇప్పుడు ఏడాది దాటితే పన్నెండున్నర. ఏటా కొద్దికొద్దిగా అమ్ముకునేవాళ్ళకి ఇదంతా పెద్ద భారం కాదు.

నల్లబంగారం

మందమర్రి నుంచి, మాదీ సింగరేణి కుటుంబమే. చెల్లీ, రిటైర్మెంట్ మెడికల్ స్కీము ఉంటది, సీపీఆర్‌ఎంఎస్, దాని కార్డు మొదటి రోజుల్లోనే తీసుకోండి. దంపతులిద్దరికీ కలిపి 8 లక్షల దాకా కవరేజీ. అది తీసుకోకుండా ఏ ఈటీఎఫ్ గురించి మాట్లాడినా లాభం లేదు, ఒక్క ఆస్పత్రి బిల్లు వస్తే నిఫ్టీ అయినా బంగారమైనా అమ్మాల్సిందే. ఇంకో మాట, డబ్బు పడ్డదని తెలియగానే చుట్టాలు, ఏజెంట్లు గుమ్మం ముందర ఉంటరు. గ్యారంటీ ఇన్‌కమ్ ప్లాన్ అని పన్నెండేళ్ళు ప్రీమియం కట్టించే పాలసీలు అంటగడతరు. మూడు నెలల దాకా ఎవరికీ సంతకం పెట్టొద్దని నాన్నకి చెప్పు.

బంగారం మాత్రం 5 లక్షలు నాకు ఎక్కువే అనిపిస్తుంది. అమ్మ దగ్గర నగలుంటయి కదా?

కొత్తగూడెం_అమ్మాయి

కార్డు గురించి నాన్నకి తెలుసట అన్నా, ఇంకా అప్లై చేయలేదు. రేపే చేయిస్తా. అమ్మకి పాతిక తులాల దాకా ఉంది.

గోదావరి_గట్టు

ఆ నగలు అమ్మగారు అమ్ముతారా? అమ్మరు. అమ్మాల్సి వస్తే ఇంట్లో కష్టం తలుపు తట్టినట్టే, ఆమెని ఆ స్థితిలో పెట్టకూడదు. నగలు పెట్టుబడి లెక్కలోకి రావు. గోల్డ్ ఈటీఎఫ్‌లో తరుగు, మజూరీ ఉండవు, ఏ రోజైనా ఆ రోజు ధరకి అమ్మొచ్చు. 2008లో షేర్లు కూలినప్పుడు రూపాయల్లో బంగారం పెరిగింది, దానికోసమే పెట్టడం. పెరుగుతూనే ఉంటుందని మాత్రం ఆశించవద్దు. 2012లో పది గ్రాములు 31 వేల దగ్గర, 2018లోనూ 31 వేల దగ్గరే ఉంది, ఆరేళ్ళు ఏమీ ఇవ్వలేదు. 2025లో లక్ష దాటాక కొంటున్నాం కాబట్టి దాన్ని కూడా నెలనెలా విడగొట్టి కొనండి. ప్రభుత్వ గోల్డ్ బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు, లేకపోతే రెండున్నర శాతం వడ్డీ ఉంది కాబట్టి అవే కొనమనేవాణ్ణి.

పైసా_పైసా

ఆదాయం కోసం రీట్లు (ఆఫీసుల అద్దె పంచే ట్రస్టులు), ఇన్విట్లు (కరెంటు లైన్ల లాంటి వాటి ఆదాయం పంచేవి) ఎవరూ చెప్పలేదేంటి? మైండ్‌స్పేస్ రీట్‌కి మన మాదాపూర్‌లో బోలెడు ఆఫీసులున్నాయి, పంచగలిగిన నగదులో 90 శాతం పంచాలన్నది రూలు. పవర్ గ్రిడ్ ఇన్విట్ కూడా ఉంది, అందులో వైజాగ్ లైన్ కూడా ఒకటి.

విశ్రాంత_బ్యాంకర్

అవి ఈటీఎఫ్‌లు కావు, ఒక్కో కంపెనీ లాంటివే. మీరు చెప్పిన పవర్ గ్రిడ్ ఇన్విట్ 2021లో 100 రూపాయలకి అమ్మారు, ఏడాదికి 12 రూపాయలు పంచింది, బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ధర 100కి బాగా కిందకి వచ్చింది. పంచేదాంట్లో కొంత భాగం మన అసలే తిరిగొస్తుంటుంది. అది అర్థం చేసుకోకుండా 12 శాతం వడ్డీ అనుకుంటే నష్టపోతారు. చివర్లో ఓ రెండు లక్షలు పెట్టుకుంటామంటే సరే, ఇప్పుడు వద్దు.

కొత్తగూడెం_అమ్మాయి

అందరి మాటలూ నాన్నకి చదివి వినిపించా. మాస్టారు గారి 91 వేల లెక్క దగ్గర చాలాసేపు ఆగి, మళ్ళీ చదవమన్నారు. చివరికి ఇలా ఒప్పుకున్నారు: స్కీములో 30, బ్యాంకులో 4, ఏడాదికొకటి తీరే ఎఫ్‌డీలు 5, భారత్ బాండ్ 2033లో 5, నిఫ్టీ 50లో 13 నెలకో లక్ష, గోల్డ్ 5 అది కూడా విడగొట్టి. బావకి కూడా చెప్పాం, సీపీఎస్‌ఈ గురించి ఇంకా వాదిస్తున్నాడు, పర్లేదు.

కొనేటప్పుడు ఏం చూసుకోవాలో చెప్పండి. నిఫ్టీ మీద పది పన్నెండు ఈటీఎఫ్‌లు కనిపిస్తున్నాయి. అదే సూచీ మీద ఫండు కంపెనీ దగ్గరే కొనే ఇండెక్స్ ఫండు తీసుకుంటే తేడా ఏంటి?

గోదావరి_గట్టు

నిఫ్టీ ఈటీఎఫ్‌లన్నిటిలో లోపలి షేర్లు అవే. నిఫ్టీ బీస్ మన దేశంలో మొట్టమొదటి ఈటీఎఫ్, 2002 జనవరిలో లిస్టయింది, ఖర్చు 0.04 శాతం దగ్గర, రోజూ బాగా చేతులు మారుతుంది. ఎస్‌బీఐ నిఫ్టీ 50 ఈటీఎఫ్ పరిమాణంలో చాలా పెద్దది, 2015 నుంచి ఈపీఎఫ్‌ఓ డబ్బు ఈటీఎఫ్‌లలోకి వస్తున్నది ఎక్కువగా అలాంటి వాటిల్లోకే. కానీ మనలాంటివాళ్ళకి ఫండు పరిమాణం కన్నా రోజువారీ వాల్యూమ్ ముఖ్యం. ఖర్చులో 0.01 తేడా కోసం వాల్యూమ్ లేనిది కొంటే, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య సందులోనే అంతకు పదింతలు పోతుంది.

కొనేటప్పుడు ఎప్పుడూ లిమిట్ ఆర్డరే (ఇంత ధర మించి కొననని చెప్పేది), మార్కెట్ ఆర్డర్ (ఎంతుంటే అంతకి కొనేది) వద్దు. ఉదయం తెరిచిన మొదటి పావుగంట, మూసే ముందు పావుగంట వదిలేయండి. ఐఎన్‌ఏవీ చూసి దాని దగ్గరి ధరకే పెట్టండి. భారత్ బాండ్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఆ రోజు అమ్మేవాళ్ళు లేకపోతే మర్నాడు ప్రయత్నించండి, తొందరేం లేదు.

ఇండెక్స్ ఫండులో ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ ఆ రోజు ఎన్‌ఏవీకే కొనుగోలు జరుగుతుంది, ప్రీమియం గొడవ లేదు, డీమ్యాట్ (షేర్లు, ఈటీఎఫ్‌లు ఉంచే ఖాతా) అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత నెలనెలా ఇంత తీయాలనుకుంటే ఎస్‌డబ్ల్యూపీ (నెలనెలా తీసే ఏర్పాటు) పెట్టేసుకోవచ్చు, తేదీ రాగానే బ్యాంకులో పడుతుంది. ఈటీఎఫ్‌లో ఆ సౌకర్యం లేదు, ప్రతిసారీ తెరిచి అమ్మాలి, అమ్మిన ప్రతిసారీ డీపీ (డీమ్యాట్ సంస్థ) చార్జీలు. నాన్నగారికి ఫోనులో ట్రేడింగ్ యాప్ వాడే ఓపిక లేకపోతే నిఫ్టీ వరకు డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేని) ఇండెక్స్ ఫండే తీసుకోండి. ఈటీఎఫ్ గురించి అడిగారు కదా అని ఈటీఎఫే కొనమని నేను చెప్పను.

కొత్తగూడెం_అమ్మాయి

ఆయన యాప్ వాడరు. నిఫ్టీకి ఇండెక్స్ ఫండు, భారత్ బాండ్‌కీ గోల్డ్‌కీ డీమ్యాట్, అలా చేస్తాం. డీమ్యాట్‌కి ఏడాదికి చార్జీ ఎంత పడుతుంది? అమ్మ పేరు ఎలా చేర్చాలి?

విశ్రాంత_బ్యాంకర్

బేసిక్ సర్వీస్ డీమ్యాట్ అడగండి, బీఎస్‌డీఏ అంటే తెలుస్తుంది. ఆయన పేరు మీద ఉన్న డీమ్యాట్ అదొక్కటే అయ్యుండాలి. విలువ 4 లక్షల దాకా ఉంటే నిర్వహణ చార్జీ లేదు, 4 నుంచి 10 లక్షల మధ్య ఏడాదికి వంద రూపాయలు. బీఎస్‌డీఏ ఇవ్వాలంటే ఖాతాకి ఆయనే ఒక్కరు లేదా మొదటి హోల్డర్ అయ్యుండాలి కాబట్టి ఆయన పేరు మొదట రాసి, అమ్మగారిని రెండో హోల్డర్‌గా చేర్చవచ్చు, లేదా నామినీగా పెట్టవచ్చు. స్కీము ఖాతాకి, ఎఫ్‌డీలకి, డీమ్యాట్‌కి, ఇండెక్స్ ఫండు ఫోలియోకి నాలుగింటికీ విడివిడిగా నామినేషన్ ఉంటుంది, ఒకచోట ఇస్తే మిగతావాటికి వర్తించదు. ఆధార్‌లో, పాన్‌లో, సింగరేణి సర్వీసు రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట ఉంటే కేవైసీ దగ్గర ఆగిపోతుంది. డబ్బు చేతికొచ్చేలోపే దాన్ని సరిచేయించుకోండి.

కొత్తగూడెం_అమ్మాయి

పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది సార్, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. సోమవారం మీసేవకి వెళ్తున్నాం.